టేక్ అంటే తీసుకొనుటేనా?

వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్ళకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని సంపాదక వర్గం వారు అడిగారు. ఆదివారాలు హాస్టల్ వరండాలో ఇంగ్లీషు చెప్పే మేం ముగ్గురం ఏం రాయాలా అని కూర్చుంటే, ముగ్గురికీ ఒకే లీవ్ లెటర్ గుర్తుకొచ్చింది.

అప్పుడు మేము తొమ్మిదో తరగతి. లీవ్ లెటర్లు ఇంగ్లీషులోనే రాయాలని కొత్తగా నియమం పెట్టారు. మా గదిలో వాడికి ఇంటి నుంచి కబురు వచ్చింది, అమ్మకు జ్వరం తగ్గడం లేదని, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాలని. వాడు ఎవరినీ అడక్కుండా సొంతంగా రాశాడు. "ఐ హ్యావ్ టు టేక్ ఆఫ్ మై మదర్ టు హాస్పిటల్." ఆ కాగితాన్ని అందుకున్న పెద్దమనిషి స్టడీ అవర్లో అందరి ముందూ పైకి చదివి, "ఏరా, మీ అమ్మ ఏమన్నా విమానమా, టేకాఫ్ చేయడానికి?" అన్నారు. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాం. సెలవైతే ఇచ్చారు. వాడు వెళ్ళి వచ్చాడు, అమ్మకు నయమైంది. కాని పదో తరగతి అయ్యేవరకు వాడు ఇంగ్లీషులో మళ్ళీ నోరు విప్పలేదు. లీవ్ లెటర్లన్నీ మా చేతే రాయించుకునేవాడు.

ఆ వాక్యంలో తప్పు ఎంత, ఒప్పు ఎంత అన్నది ఇంకొంచెం దూరం వెళ్ళాక చూద్దాం. ముందు టేక్ సంగతి.

మా రోజుల్లో పొడవు నోటుబుక్కు మధ్యలో గీత కొట్టి, ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం రాసుకొని బట్టీ పట్టేవాళ్ళం. రోజుకు పది మాటలు. టేక్, టుక్, టేకెన్ అంటే తీసుకొను. గివ్, గేవ్, గివెన్ అంటే ఇచ్చు. లైబ్రరీలో అట్టలు ఊడిపోయిన శంకరనారాయణ నిఘంటువు ఒకటి ఉండేది. దాంట్లో టేక్ దగ్గరికి వెళితే అర్థాలు వరుసగా కనిపించి భయం వేసేది. మొదటి అర్థం రాసుకొని బయటపడేవాళ్ళం. పది మాటల లెక్క పూర్తవడమే కావలసింది.

ఇదే పని తెలుగు నేర్చుకునే వాడెవడైనా చేస్తే ఎలా ఉంటుందో చూడండి. ఒక దొర కొట్టు అంటే చేత్తో దెబ్బ వేయడం అని నోటుబుక్కులో రాసుకున్నాడనుకుందాం. తర్వాత మన హాస్టల్‌కు వచ్చాడు. ఒకడు బోరింగు కొడుతున్నాడు. ఒకడు సైకిలుకు గాలి కొడుతున్నాడు. ఇద్దరు స్కూలుకు డుమ్మా కొట్టి చెరువులో ఈత కొడుతున్నారు. ఒకడు లెక్కలు కాపీ కొడుతున్నాడు. మిగిలినవాళ్ళకు పాఠం బోరు కొడుతోంది. గోడకు సున్నం కొడుతున్నారు, మెస్సు దగ్గర ఏదో మాడి వాసన కొడుతోంది. పాపం, దొర ఏమనుకోవాలి? ఇంతమంది ఇన్ని కొడుతుంటే దెబ్బ తిన్నవాడు ఎవడూ కనిపించడే! మనకు మాత్రం ఇందులో ఏ చిక్కూ లేదు. కొట్టు అనే మాటను మనం ఒంటరిగా నేర్చుకోలేదు. ఈతతో కలిపి ఒకసారి, గాలితో కలిపి ఒకసారి, డుమ్మాతో కలిపి ఇంకోసారి, జతలు జతలుగా విన్నాం. ఈత వేయడం అని, డుమ్మా చేయడం అని పొరపాటున కూడా అనం.

ఇలా మాటలు జతకట్టి తిరిగే తీరుకు కొలొకేషన్ అని పేరు. ఈ పేరును 1950లలో భాషాశాస్త్రంలో స్థిరపరచిన జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లీషాయన, అంతకు ముందు 1919 నుంచి 1928 వరకు లాహోరులో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పారు. మాట అర్థం మాటలో సగమే ఉంటుంది, మిగతా సగం దాని పక్కన ఎవరు కూర్చున్నారన్న దానిలో ఉంటుంది అని మా ఆదివారం క్లాసులో మేము చెప్పుకుంటాం.

టేక్ పుట్టుక కూడా కొంచెం తెలిస్తే మేలు. ఇది ఇంగ్లీషు వారి సొంత మాట కాదు. దాదాపు వెయ్యేళ్ళ కిందట ఉత్తరాన సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన వైకింగుల భాషలోది. వాళ్ళ మాట టాకా. అంతకు ముందు ఇంగ్లీషులో ఆ పనికి నిమన్ అనే మాట ఉండేది. కొత్త మాట వచ్చి పాతదాన్ని గెంటేసింది. (దే, స్కై, నైఫ్ కూడా అలా వచ్చినవే. ఆదివారం మెస్సులో పెట్టే ఎగ్ కూడా!) నిమన్ పూర్తిగా పోలేదు. నమ్ అనే మాటలో దాక్కొని ఉంది. నమ్ అంటే తిమ్మిరి పట్టిన అని అర్థం. మొదట్లో దాని అర్థం పట్టబడిన అని. మనం కూడా కాలు తిమ్మిరి పట్టింది అనే అంటాం. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మన ఊరు!

టాకాకు కూడా అసలు అర్థం తాకు, చేత్తో పట్టుకొను. అందుకే టేక్ అంటే తీసుకొను అని రాసుకున్న మా నోటుబుక్కు కంటే, పట్టు అని రాసుకొని ఉంటే చాలా చోట్ల సులువయ్యేది. ఇట్ టుక్ టూ అవర్స్ అంటే రెండు గంటలు పట్టింది. టేక్ హోల్డ్ అంటే పట్టుకొను. ద హాల్ టేక్స్ ఎ హండ్రెడ్ పీపుల్ అంటే ఆ హాలులో వందమంది పడతారు. ఇంటి దారి పట్టాడు అనడానికి హి టుక్ ద రోడ్ హోమ్. టేక్ నో నోటీస్ అంటే పట్టించుకోకు. టేక్ ఇట్ టు హార్ట్ అంటే మనసుకు పట్టించుకొను. మా గదిలో వాడు ఆ రోజు చేసింది అదే.

అలాగని ఇప్పుడు టేక్ అంటే పట్టు అని కొత్తగా బట్టీ పట్టొద్దు. నిద్ర పట్టింది, చెమట పట్టింది, తుప్పు పట్టింది అన్న చోట్ల టేక్ రాదు. ఒక మాటకు ఒక మాట అనే లెక్క ఎక్కడో ఒకచోట తప్పుతుంది. జత మాత్రమే తప్పదు.

ఇక నామవాచకాలతో దాని జతలు చూద్దాం. కొన్ని చోట్ల తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే నడుస్తాయి. నిర్ణయం తీసుకొను అంటే టేక్ ఎ డెసిషన్, చర్య తీసుకొను అంటే టేక్ యాక్షన్, బాధ్యత తీసుకొను అంటే టేక్ రెస్పాన్సిబిలిటీ. వీటికి భయం లేదు. కాని ఇంత చక్కగా కలవడం చూస్తే, ఇవి పత్రికల వారు ఇంగ్లీషు నుంచి దించుకున్నవేమో అని మాకు అనుమానం. మన ఊళ్ళో తాత చర్య తీసుకున్నాను అనడు, ఏదో ఒకటి చేశాను అంటాడు. సెలవు తీసుకొను ఒక్కటి మాత్రం చిత్రమైనది. మనకు దానికి రెండు అర్థాలు, పనికి వెళ్ళకపోవడం ఒకటి, వెళ్ళొస్తామని చెప్పడం ఒకటి. టేక్ లీవ్, టేక్ లీవ్ ఆఫ్ అని ఇంగ్లీషులోనూ ఆ రెండూ ఉన్నాయి.

కొన్ని చోట్ల మన క్రియ వేరు, వాళ్ళది టేక్. స్నానం చేస్తాం, వాళ్ళు టేక్ ఎ బాత్. మాత్ర వేసుకుంటాం, వాళ్ళు టేక్ ఎ టాబ్లెట్. బస్సెక్కుతాం, వాళ్ళు టేక్ ఎ బస్. నోట్సు రాసుకుంటాం, వాళ్ళు టేక్ నోట్స్. పరీక్ష రాస్తాం, వాళ్ళు టేక్ యాన్ ఎగ్జామ్. రైట్ యాన్ ఎగ్జామ్ అన్నది మన దేశంలో అందరికీ అర్థమయ్యే వాడుకే. కెనడాలో, దక్షిణాఫ్రికాలో కూడా అంటారు కనుక దాన్ని తప్పు అనలేం. అయితే బ్రిటిష్, అమెరికన్ పుస్తకాల్లో టేక్ కనిపిస్తుంది, కంగారుపడొద్దు. టేక్ ఎ క్లాస్ దగ్గర ఇంకో తమాషా ఉంది. మన దగ్గర, బ్రిటన్‌లో క్లాసు తీసుకునేది మాస్టారు. అమెరికాలో విద్యార్థి.

ఎక్కడ పడతామో అది కూడా చెప్పాలి. సభ జరిగింది అనడానికి ద మీటింగ్ వాజ్ టేకెన్ ప్లేస్ అని రాసేవాళ్ళు మాలో సగం మంది. పట్టభద్రుల దరఖాస్తుల్లో కూడా ఇది చూశాం. టేక్ ప్లేస్ అంటేనే జరుగు. ద మీటింగ్ టుక్ ప్లేస్ అంతే. ముందు వాజ్ పెట్టకూడదు, ప్లేస్ ముందు ఎ కూడా పెట్టకూడదు. ద పెట్టి, వెనుక ఆఫ్ చేరిస్తే అర్థమే మారిపోతుంది. టేక్ ద ప్లేస్ ఆఫ్ అంటే ఒకరి స్థానంలోకి వచ్చు. ఐ టుక్ ఫస్ట్ క్లాస్ అనొద్దు, గాట్ అనాలి. డోంట్ టేక్ టెన్షన్ అన్నది మన దేశంలో తయారైన సరుకు. స్నేహితుల మధ్య అనుకోండి, ఇంటర్వ్యూలో అనకండి. టేక్ ఇట్ ఈజీ ఉండనే ఉంది. మన కుర్రకారు లైట్ తీస్కో అంటున్నది దాదాపు అదే అర్థంలో.

తెలుగు మనకు సాయం చేసే చోటు కూడా ఒకటుంది. బ్రింగ్, టేక్ తేడా చాలా భాషల వాళ్ళకు చిక్కే. మనకు కాదు. తీసుకురా అంటే బ్రింగ్, తీసుకెళ్ళు అంటే టేక్. మాట్లాడేవాడి వైపు వస్తే రా, అవతలికి పోతే వెళ్ళు. తెలుగులో అనుకొని ఇంగ్లీషులో చెప్పకూడదు అని అందరూ అంటారు గాని, ఇక్కడ మాత్రం తెలుగులో అనుకోవడమే మంచిది.

ఇప్పుడు ప్రిపోజిషన్లు. టేక్ పక్కన నామవాచకం, దాని పక్కన ప్రిపోజిషన్, మూడూ కలిసి ఒకే మాటలా నడుస్తాయి. ఇన్ వచ్చేవి: టేక్ పార్ట్ ఇన్ (పాల్గొను), టేక్ ప్రైడ్ ఇన్ (గర్వపడు), టేక్ యాన్ ఇంట్రెస్ట్ ఇన్ (ఆసక్తి చూపు). ఆఫ్ వచ్చేవి: టేక్ కేర్ ఆఫ్, టేక్ చార్జ్ ఆఫ్, టేక్ అడ్వాంటేజ్ ఆఫ్. ఆన్ వచ్చేవి: టేక్ పిటీ ఆన్, టేక్ రివెంజ్ ఆన్. మనం జాలి, పగ ఎవరి మీదైనా పెట్టుకుంటాం కనుక ఆన్ సులువుగానే వస్తుంది. కాని ఆసక్తి కూడా చదువు మీదే ఉంటుంది మనకు. అందుకే టేక్ ఇంట్రెస్ట్ ఆన్ స్టడీస్ అని రాసి మార్కు పోగొట్టుకుంటాం. దానికి కారణం అడిగితే చెప్పలేం. కొబ్బరికాయ ఎందుకు కొడతారు, పూజ ఎందుకు చేస్తారు అంటే మనమూ చెప్పలేం గదా! నోటికి అలవాటు చేసుకోవడమే.

అన్నిటికంటే రుచిగా ఉండేది, అన్నిటికంటే భయపెట్టేది ఇంకొకటి ఉంది. టేక్ పక్కన నేరుగా ఆఫ్, ఇన్, అప్ లాంటి చిన్న మాట వచ్చి కూర్చోవడం. ఇవి బట్టీతో రావు. చేతి కదలిక ఎటు అని ఊహించుకుంటే కొంత వస్తాయి.

టేక్ ఇన్ చూడండి. ఇన్ అంటే లోపలికి. మన హాస్టల్లో యూనిఫాం బట్టలు ఒంటికి రెండింతలు వదులుగా ఉండేవి. టైలరు దగ్గరికెళ్ళి పక్కలు లోపలికి మడిచి కుట్టించుకునేవాళ్ళం. అది టేక్ ఇన్. ప్యాంటు పొడవైతే అంచు పైకి మడిచి కుట్టించడం టేక్ అప్. మరుసటి ఏడాది పొడవు పెరిగితే ఆ కుట్లు విప్పించడం లెట్ అవుట్, లెట్ డౌన్. దిక్కులేని పిల్లవాడిని మేనత్త ఇంట్లో పెట్టుకుంటే అదీ టేక్ ఇన్. పాఠం బుర్రకెక్కితే అదీ టేక్ ఇన్. ఎవడో తీపి మాటలు చెప్పి మనల్ని తన బుట్టలో వేసుకుంటే మనం టేకెన్ ఇన్ అయినట్టు. నాలుగింటిలోనూ ఏదో ఒకటి లోపలికి పోతోంది.

అప్ అంటే పైకి. నేల మీద పడి ఉన్న పనిని పైకెత్తుకుంటే చేపట్టు అనే అర్థం. హి టుక్ అప్ టైలరింగ్. కాని ద ట్రంక్స్ టేక్ అప్ హాఫ్ ద రూమ్ అంటే ట్రంకుపెట్టెలు సగం గది ఆక్రమించాయని. ఇక్కడ పైకి ఏమీ లేదు. పూర్తిగా అనే భావం ఉందేమో. ఈట్ అప్, డ్రింక్ అప్ లాగా. ఇలాంటి చోట ఊహ ఆగిపోతుంది. ఆగినప్పుడు నిఘంటువు తీయాలి. ఇప్పటి తమ్ముళ్ళకు ఫోనులోనే నిఘంటువు ఉంది, అట్ట ఊడిపోయే భయం లేదు. మొదటి అర్థం రాసుకొని బయటపడే అలవాటు మాత్రం ఫోనులోనూ పోలేదు.

టేక్ డౌన్ అంటే చెప్పింది రాసుకోవడం, కట్టిన పందిరి విప్పడం. టేక్ ఓవర్ అంటే పదవి, బాధ్యత ఇంకొకరి నుంచి స్వీకరించడం. టేక్ ఆన్ అంటే పని నెత్తికెత్తుకోవడం. టేక్ ఆఫ్టర్ అంటే పోలిక. షి టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్. ఇది రక్తసంబంధానికే చెల్లుతుంది. సినిమా హీరో పోలికలున్నా ఈ మాట వాడకూడదు. టేక్ టు అంటే అలవాటు పట్టడం, మనసు కలవడం. హి టుక్ టు గెటింగ్ అప్ ఎట్ ఫోర్. నాలుగింటికి లేవడం అలవాటు చేసుకున్నాడు. ఆ టు తర్వాత గెట్ అని రాయొద్దు, గెటింగ్ అనే రాయాలి.

వీటిలో రెండు జాతులు ఉన్నాయి. ఆఫ్, ఇన్, అప్, డౌన్, ఓవర్ ఉన్నప్పుడు టేక్‌ను, ఆ చిన్నమాటను విడదీయొచ్చు. టేక్ ఆఫ్ యువర్ షూస్, టేక్ యువర్ షూస్ ఆఫ్, రెండూ సరే. కాని ఇట్, హిమ్, దెమ్ లాంటి సర్వనామం వస్తే తప్పకుండా మధ్యలోనే కూర్చోవాలి. టేక్ దెమ్ ఆఫ్ అనాలి, టేక్ ఆఫ్ దెమ్ అనకూడదు. ఆఫ్టర్, టు ఉన్నప్పుడు విడదీయడం కుదరదు. టేక్స్ ఆఫ్టర్ హర్ అనే అనాలి. ఈ ఒక్క నియమం తెలిస్తే సగం తప్పులు పోతాయి.

ఇప్పుడు ఆ లీవ్ లెటర్. వాడికి సెట్ ఆఫ్ అంటే బయలుదేరు అని తెలుసు. సీ ఆఫ్ అంటే సాగనంపు అని తెలుసు. అంటే ఆఫ్‌లో ఇక్కడి నుంచి అవతలికి వెళ్ళడం ఉందని వాడు పసిగట్టాడు. టేక్‌లో తీసుకొను ఉంది. తీసుకొని వెళ్ళు, టేక్ ఆఫ్. ఎవరూ చెప్పకుండా తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇంత లెక్క కట్టాడు. మేము డిగ్రీలో చేరాక ఒక రోజు కాలేజీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తిరగేస్తుంటే, టేక్ ఆఫ్ కింద విమానం, చెప్పులు, సెలవు అన్నీ దాటాక ఇంకో అర్థం కనిపించింది. ఒకరిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోవు. హి వాజ్ టేకెన్ ఆఫ్ టు హాస్పిటల్ అన్న వాడుక ఇంగ్లీషు వారి పత్రికల్లో మామూలుగా ఉండేదే. అంటే వాడు ఎంచుకున్న మాట సరైనదే. మై మదర్ అన్న రెండు మాటలు ఆఫ్ ముందుకు జరిపితే చాలు. ఐ హ్యావ్ టు టేక్ మై మదర్ ఆఫ్ టు హాస్పిటల్. ఆఫ్ లేకుండా రాస్తే ఇంకా సాఫీగా ఉంటుంది, అది వేరే సంగతి. హాలంతా నవ్వింది రెండు మాటలు కొంచెం జరిగినందుకు. విమానం సంగతి తెలిసిన మాకెవరికీ ఈ అర్థం తెలియదు. తెలియనివాళ్ళం నవ్వాం, దాదాపు తెలిసినవాడు నోరు మూసుకున్నాడు.

ఆ నిఘంటువు పుట నకలు చేసి వాడికి ఉత్తరంలో పంపాం. జవాబులో వాడు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. అమ్మ బాగుందని మాత్రం రాశాడు.

మా ఆదివారం క్లాసులో ఇప్పుడు రెండు గళ్ళ నోటుబుక్కు లేదు. కొత్త క్రియ ఏది వచ్చినా ఒక పూర్తి పేజీ దానికే. పైన క్రియ, కింద అది ఎవరెవరితో కనిపిస్తే ఆ జతలు, ఒక్కో జతకు మన హాస్టల్ జీవితంలోంచి ఒక వాక్యం. నెలకు ఒకటే క్రియ. తక్కువ కదా అనొచ్చు. సి.కె. ఆగ్డెన్ అనే పండితుడు 1930లో 850 మాటలతోనే ఇంగ్లీషు నడపొచ్చని బేసిక్ ఇంగ్లీష్ తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే. టేక్ అందులో ఉంది. 18 అంటే సులువే అనిపిస్తుంది గాని, ఒక్కొక్కటి ఎన్ని జతలు కడుతుందో ఇప్పటిదాకా చూశాం. ఆ లెక్కలో జతలు కలపలేదు! అయినా నెలకు ఒకటి చొప్పున పట్టుకుంటే ఏడాదిన్నరలో ఆ 18 మన నోటికి వస్తాయి.

ఇంకో పద్ధతి కూడా పెట్టుకున్నాం. క్లాసులో ఎవరైనా తప్పు చెబితే, ఆ తప్పు ఎలా కట్టావో ముందు వివరించమంటాం. సరిదిద్దడం ఆ తర్వాత. నవ్వు వస్తే వరండా బయటకు వెళ్ళి నవ్వి రావాలి.

కింది ఖాళీలు పూరించండి. జవాబులు ఇక్కడ ఇవ్వడం లేదు, ఆదివారం ఉదయం వరండాలో చూసుకుందాం. పూర్వ విద్యార్థులు వచ్చినా కింద కూర్చోవలసిందే.

1. అవర్ సీనియర్స్ టుక్ పార్ట్ ------ ద కబడ్డీ మ్యాచ్.

2. ద షర్ట్ ఈజ్ టూ లూజ్. ప్లీజ్ టేక్ ఇట్ ------.

3. హి టేక్స్ ------ హిజ్ గ్రాండ్‌ఫాదర్.

4. ఇట్ ------ త్రీ అవర్స్ టు రీచ్ మై విలేజ్ యెస్టర్‌డే.

5. ద యానివర్సరీ మీటింగ్ ------ ప్లేస్ లాస్ట్ ఇయర్ ఇన్ ద మెస్ హాల్. (వాజ్ రాసినవాళ్ళు బోరింగు కొట్టి తొట్టి నింపాలి.)